నాలుగు నిమిషాలకే కట్టిన ఫ్లెక్సీ

బతికున్న తాతను ఒకే ఒక్క ఫ్లెక్సీతో ఊరందరి దృష్టిలో చంపేసి, అదే పూట నా పెళ్ళికి కూడా నీళ్ళు వదలబోయిన కథ ఇది. ముందే చెబుతున్నాను, ఇందులో నా తెలివితేటల్ని మెచ్చుకోవడానికి మీకు ఒక్క చోటు కూడా దొరకదు. వెతికి అలిసిపోకండి.

రెండేళ్ళ కిందటి మాట. వినుకొండలో మాకు పురుగుమందుల కొట్టు ఉంది. పొద్దస్తమానం మిరప రైతులకు నేను చెప్పేది ఒకటే: "ఆకు తిప్పి అడుగు చూడకుండా మందు కొట్టొద్దు బాబాయ్!" తామరపురుగు ఉండేది ఆకు అడుగునే కదా. ఈ జ్ఞానమంతా కౌంటరుకు అవతలివాళ్ళకే పంచిపెట్టి, ఇవతల నాకోసం చిటికెడు కూడా మిగుల్చుకోలేదని తర్వాత తెలిసింది.

అప్పట్లో నాకు రెండు పిచ్చులు. మొదటిది 'వంకరింటి వాళ్ళు'. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, అది బొమ్మల సీరియల్. పన్నెండేళ్ళుగా వస్తోంది. గోడలన్నీ వంకరగా ఉన్న ఒక ఇల్లు, అందులో ఒక తిక్క కుటుంబం, వాళ్ళందరికీ పెద్ద పరమేశం తాత. ఇంట్లో ఎంత గొడవ జరుగుతున్నా ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ముందు కాఫీ ఇచ్చి, తర్వాత కొట్టుకోండి" అంటాడు. అంతే, నేను పడీ పడీ నవ్వుతాను. పన్నెండేళ్ళుగా అదే మాటకు నవ్వుతున్నాను. వినుకొండ అభిమానుల వాట్సాప్ గ్రూపుకు అధ్యక్షుణ్ణి కూడా నేనే. ఎన్నిక ఏమీ జరగలేదు, గ్రూపు పెట్టింది నేను కాబట్టి.

రెండో పిచ్చి స్వర్ణ. పొదిలిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కాఫీ కప్పు నా చేతికిచ్చి, "మీ వివరాల కాగితంలో బొమ్మల సీరియల్ సంఘానికి అధ్యక్షుడని ఉంది. నిజమేనా?" అని అడిగింది. అది తీసెయ్యమని మా అమ్మ ఎంత మొత్తుకున్నా నేనే పట్టుబట్టి రాయించాను. "నిజమేనండీ" అన్నాను, ఎమ్మెల్యేనని ఒప్పుకున్నంత దర్జాగా. ఆ పిల్ల నవ్వు దాచుకుంది. నేను అక్కడే పడిపోయాను. కానీ అవునో కాదో చెప్పలేదు. "ఇల్లు చూశాక చెబుతాను. అక్కడ బతకాల్సింది నేను కదా" అంది. వాళ్ళ నాన్న నరసింహారావు గారు గొంతు సవరించుకుని, ఒంగోలు సంబంధం వాళ్ళు కూడా రెండుసార్లు ఫోన్ చేశారని గుర్తుచేశారు.

అలా ఒక ఆదివారం పదకొండింటికి వాళ్ళు మా ఇల్లు చూడటానికి వస్తున్నారు. నా ఖర్మకొద్దీ అదే ఆదివారం పొద్దున ఏడింటికి 'వంకరింటి వాళ్ళు' పదమూడో సీజన్ మొదటి భాగం విడుదలవుతోంది.

"పెరట్లో బండలు కడగరా" అంది అమ్మ.

"ఒక్క అరగంటమ్మా" అని ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాను.

మొదటి నిమిషంలో నవ్వాను. రెండో నిమిషంలో పరమేశం తాత దగ్గాడు. మూడో నిమిషంలో గుండె పట్టుకున్నాడు. నాలుగో నిమిషంలో మంచం మీద వాలిపోయాడు, వంకరిల్లంతా ఘొల్లుమంది. ఇక చూడలేక ఆపేశాను. నవ్వుకుంటే నవ్వుకోండి, కళ్ళలో నీళ్ళు మాత్రం నిజంగానే తిరిగాయి. మా గ్రూపు అప్పటికే భగ్గుమంటోంది.

"అన్నా, తాత పోయాడన్నా! ఇడ్లీ గొంతులో దిగట్లా!"

"పన్నెండేళ్ళు చూసినందుకు మనకి ఇదా మర్యాద?"

"రాసినోడి చేతులు పడిపోను!"

"అధ్యక్షా, గుంటూరు బ్రాడీపేట గ్రూపోళ్ళు ఇంకా ఏం చెయ్యలా. మనమే ముందుండాలి."

ఈ చివరి మాట నన్ను ముంచింది. పోయిన సీజన్ మొదలైనప్పుడు బ్రాడీపేట వాళ్ళు స్వాగతం పలుకుతూ ఫ్లెక్సీ కట్టి, దాని ఫోటో అన్ని గ్రూపుల్లోనూ తిప్పి మా పరువు తీశారు. ఈసారి అశ్రునివాళి ఫ్లెక్సీ మొదట కట్టేది వినుకొండే అని అప్పటికప్పుడు ప్రకటించాను. అందరూ దండాలు పెట్టారు. ఒక్కరు తప్ప. పది రోజుల కిందట చేరిన 'కాఫీ గింజ' అనే సభ్యుడెవరో, "తొందరపడకండి అధ్యక్షా, ముందు చివరిదాకా చూడండి" అని పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. "తాత పోయిన పూట నాకే పాఠాలా?" అని రాసి, ఆ కాఫీ గింజను గ్రూపులోంచి తీసిపారేశాను. అక్కడితో ఊరుకోలేదు. మూడు రోజులు సంతాప మౌనమని చెప్పి, అధ్యక్షుడు తప్ప ఇంకెవరూ మాట్లాడకుండా గ్రూపుకు తాళం వేశాను. ఇలా నాకు నిజం చెప్పగలిగిన నలభైమంది నోళ్ళూ నా చేత్తోనే కట్టేశాక, స్కూటర్ తీసుకుని బాజీ దగ్గరికి వెళ్ళాను.

బాజీ నా చిన్ననాటి స్నేహితుడు. వాడిది ఫ్లెక్సీల షాపు. బొమ్మల సీరియల్ అంటే వాడికి చిన్నచూపు, జన్మలో ఒక్క భాగం కూడా చూడలేదు.

"ఇంత చిన్న బొమ్మని పది అడుగులకి సాగదీస్తే పెసరట్టులా అయిద్ది రా" అన్నాడు. "ఆగు, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నిజం మనిషిలా చేసిపెడతా."

రెండు నొక్కులు నొక్కాడు. తెల్ల తలపాగా, గుబురు మీసం, నుదుటి మీద మూడు ముడతలతో నిజమైన పల్నాటి పెద్దాయన ఒకరు కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యారు. ఎక్కడో సంతలో కలిసినట్టే ఉంది. నాకు మళ్ళీ దుఃఖం పొంగింది.

"కింద మీ వాళ్ళ ఫోటోలు?"

"ఇప్పుడెక్కడ పోగుచేస్తాం రా? టైం లేదు."

"నాకాడ నీ పెళ్ళిచూపుల ఫోటో ఉంది. కోటు, నల్లకళ్ళద్దాలు."

"సంతాపానికి నల్లకళ్ళద్దాలేంట్రా?"

"మంచిదే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయనుకుంటారు."

తొమ్మిదిన్నరకల్లా మా వీధి మొదట్లో, సరిగ్గా కారు మలుపు తిరిగేచోట ఫ్లెక్సీ లేచింది. 'అశ్రునివాళి. మమ్మల్ని విడిచి వెళ్ళిన మా తాతయ్య పరమేశం గారికి. మీరు లేని ఇంట్లో ఇక నవ్వు లేదు. శోకతప్త హృదయంతో, మీ మనవడు శ్రీను.' ఫోటో తీసి బ్రాడీపేట వాళ్ళకు పంపి, ఇంటికొచ్చి బండలు కడిగాను. మనసు తేలికపడింది.

పదకొండింటికి కారు వచ్చింది. నరసింహారావు గారు, ఆయన భార్య, వెనక స్వర్ణ దిగారు. చేతుల్లో పళ్ళూ స్వీట్లూ ఏమీ లేవు. అన్నీ కారులోనే వదిలేశారు. పెద్దవాళ్ళిద్దరి ముఖాలూ వేలాడుతున్నాయి. నరసింహారావు గారు గేటు బయటే ఆగి మా నాన్న రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎంత పని జరిగింది బావగారూ! ఒక్క మాట ఫోన్ చేసి చెప్పొద్దా?"

నాన్న కంగారుపడ్డాడు. "ఏం జరిగిందండీ?"

"గుండె నిబ్బరం చేసుకోవాలి. పెద్దాయన మంచి వయసులోనే వెళ్ళారు."

"ఎవరండీ?"

"పాపం, మనిషి ఇంకా తేరుకోలేదు" అన్నారాయన తన భార్యతో, మెల్లగా అంటున్నాననుకుని గట్టిగానే.

లోపలికి రమ్మంటే రారు. కాఫీ అంటే వద్దని చేతులు అడ్డం పెట్టారు. "మైలలో శుభం మాట్లాడకూడదు. మీకేమో ఏడాది దాకా పెళ్ళి మాట ఎత్తే వీలుండదు, మాకేమో అంతకాలం ఆగే వీలుండదు. ఏమనుకోవద్దు" అన్నారు. చావింట్లో వెళ్ళొస్తామని అనకూడదు కాబట్టి ఆ మాట కూడా అనకుండా వెనక్కి తిరిగారు. నాకు విషయం అప్పుడు అర్థమైంది. ఒంగోలు సంబంధం కోటు తొడుక్కుని కళ్ళముందుకు వచ్చి నిలబడింది. ఏమని చెప్పను? బొమ్మ చచ్చిపోయిందనా?

సరిగ్గా అప్పుడు లోపలినుంచి మా రామయ్య తాత, ఎనభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల వల్ల పొదిలి రాలేకపోయిన మనిషి, కర్ర టకటకలాడించుకుంటూ వరండాలోకి వచ్చాడు. తెల్ల తలపాగా, గుబురు మీసం.

"ఏందిరా, వచ్చినోళ్ళని గేటుకాడే నిలబెట్టారు? ముందు కాఫీ ఇవ్వండి!"

స్వర్ణ వాళ్ళమ్మ కెవ్వుమని కేకేసి కారు తలుపు పట్టుకుంది. నరసింహారావు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఈయన... ఈయన ఎవరు?"

"మా నాన్న" అన్నాడు నాన్న.

"మరి అక్కడ వేలాడుతున్నదెవరు?"

అందరూ నావైపు తిరిగారు. నేను నేలవైపు తిరిగాను. తాత కర్రతో నా పొట్టలో పొడిచి, "పద, చూద్దాం" అన్నాడు. ఊరేగింపుగా వీధి మొదటికి వెళ్ళాం. తాత ఫ్లెక్సీని కిందనుంచి పైదాకా చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఒరేయ్, ఎవడ్రా ఈడు?"

"సీరియల్లో తాత... తాతా."

"బొమ్మా?"

"బొమ్మే."

తాత కర్ర ఎత్తి ఫ్లెక్సీ మీది అక్షరాలు చూపించాడు. "మీరు లేని ఇంట్లో నవ్వు లేదా! నన్ను ఏనాడన్నా ఇట్టా ఒక్క మాటన్నావంట్రా? పొద్దున లేస్తే నీ ఎదురుగ్గా నేను కూర్చునుంటే, ఫోనులో తాత కోసం ఏడ్చావా?"

అది నవ్వుకునే మాట కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "తప్పైపోయింది తాతా" అన్నాను.

ఇంతలో ఎక్కడినుంచో కిసుక్కుమని వినిపించింది. స్వర్ణ. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఆగడం లేదు.

"గేటు దగ్గరే మీరు ఒప్పుకుంటారేమోనని ఆగాను. ఇంతకీ ఎన్ని నిమిషాలు చూశారు?" అంది.

"నాలుగు."

"పద్దెనిమిదో నిమిషంలో లేస్తాడు."

తన ఫోన్ తీసి, పోయినాయన ఫ్లెక్సీ కిందే నిలబడి అందరికీ చూపించింది. తన కోసం నిజంగా ఏడ్చేదెవరో చూద్దామని పరమేశం తాత వేసిన నాటకమట. అంతా గుండెలు బాదుకుంటుంటే ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ముందు కాఫీ ఇచ్చి, తర్వాత ఏడవండి" అన్నాడు. మా తాత పగలబడి నవ్వాడు. ఆయన నవ్వు చూసి నరసింహారావు గారు కూడా నవ్వి, స్వీట్లు తీసుకురమ్మని కారువైపు చెయ్యి ఊపారు.

"ఈ ముక్క పొద్దున్నే గ్రూపులో చెప్పాను" అంది స్వర్ణ. "చివరిదాకా చూడమన్నాను."

"గ్రూపులోనా? మీరా?"

"చేసుకోబోయే మనిషి ఎలాంటివాడో చూద్దామని పది రోజుల కిందట చేరాను. కాఫీ గింజ."

ఆ క్షణంలో వినుకొండ కొండ విరిగి నామీద పడినా అభ్యంతరం చెప్పేవాణ్ణి కాదు.

"గ్రూపులోనే ఉండనివ్వనివాళ్ళు ఇంట్లో ఏం ఉండనిస్తారు?" అంది. నవ్వు ఆపేసింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడే చేరుస్తానండీ" అని ఫోన్ తీశాను.

"ఉత్తినే చేరితే మళ్ళీ తీసేస్తారు. అధ్యక్షురాలిగా చేర్చండి. మీరు మామూలు సభ్యుడిగా ఉండండి. ఆ తర్వాతే ఇల్లు చూస్తాను."

పన్నెండేళ్ళ పదవి పన్నెండు సెకన్లలో రాసిచ్చేశాను. ఆమె గ్రూపు తాళం తీసింది. నలభైమంది ఒక్కసారిగా, "అన్నా, తాత లేచాడన్నా!" అని అరిచారు. బ్రాడీపేట వాళ్ళు అప్పటికే మా ఫ్లెక్సీ పక్కన పద్దెనిమిదో నిమిషం బొమ్మ అతికించి ఒంగోలు దాకా పంపారు. స్వర్ణ ఇల్లు చూసింది. పెరటి బండలు బాగా కడిగారని మెచ్చుకుంది. రెండు నెలలకు పెళ్ళైంది.

ఫ్లెక్సీని చింపేస్తానంటే తాత ఒప్పుకోలేదు. మడతపెట్టించి తన మంచం కింద దాచుకున్నాడు. "ఫోటో నాకంటే బాగుంది రా. నా టైం వచ్చినప్పుడు పేరు మార్చి కట్టు. ఆ రాతలు మాత్రం మార్చబాక" అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఫోన్ పక్కన పడేసి ఆయనతో కాఫీ తాగుతున్నాను.

కాబట్టి మిరప చేల సాక్షిగా, మా కొట్టులోని సకల పురుగుమందుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సీజన్ మొదలైనా, ఏ తాత వాలిపోయినా, ఆఖరి పేరు పడి తెర నల్లబడేదాకా నోరు విప్పను, కన్నీరు కార్చను, బాజీ షాపు మెట్టెక్కను. ఈ ప్రమాణాన్ని రాతపూర్వకంగా గ్రూపులో పెట్టి ఆమోదం కోరాను. అధ్యక్షురాలు పక్కగదిలోనే ఉంది, ఇంకా ఆమోదించలేదు. చివరిదాకా చదివాక చెబుతానంది.