పక్కన పడేసిన కాయలు

అమలాపురంలో మా పీజీ కాలేజీలో, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది అడ్వాన్స్‌డ్ పేపరు ఎవరు తీసుకోవాలో తేల్చేది దానియేలు గారు. మార్కుల జాబితా చూడరు. ఎదురుగా నిలబెట్టి ఒక్క ప్రశ్న అడుగుతారు. జవాబు నచ్చితే నల్ల డైరీలోకి పేరు ఎక్కుతుంది. నచ్చకపోతే మర్యాదగా సాగనంపుతారు. పదహారేళ్ళుగా ఇదే పద్ధతి. తను చేర్చుకున్నవాళ్ళలో ఒక్కరూ ఫెయిలవలేదని స్టాఫ్ రూములో వారానికి రెండుసార్లయినా చెప్పేవారు. పక్క కుర్చీ నాదే కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది.

నిరుడు లక్ష్మీతులసి వచ్చింది. అంబాజీపేట పిల్ల. తండ్రి సూరయ్య కొబ్బరి కొట్లో కాయలు ఏరే పని చేస్తాడు. ఈ పేపరు చదవకపోతే ఆమె కోరుకున్న పీహెచ్‌డీకి దరఖాస్తే పెట్టుకోడానికి వీల్లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"సూత్రం ముట్టుకోకుండా చెప్పమ్మా, ర్యాండమ్‌గా ఏరడం అంటే ఏంటి?"

"ఎలా పడితే అలా ఏరడమండి."

నా ప్రాణం ఉసూరుమంది. ఎలా పడితే అలా ఏరితే చెయ్యి దగ్గరున్నవాటి మీదకే పోతుంది. దేనికెంత అవకాశం ఉందో ముందే తేలి ఉండాలి. మొదటి ఏడాది పాఠమే అది!

దానియేలు గారు డైరీ మూసేశారు. "నువ్వింకా సిద్ధంగా లేవమ్మా. నేను చేర్చుకున్నోళ్ళు ఒక్కరూ ఫెయిలవలేదు. నా అంచనా తప్పదు."

పిల్ల కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు.

"ఒక్కటి అడగొచ్చాండి? మా నాన్న కాయని చెవి దగ్గర ఊపి, నీళ్ళు పలికితే ఇటు, పలక్కపోతే అటు పడేస్తాడండి. ఇంటికొచ్చేముందు, అటు పడేసినవాటిలో ఓ పది కాయలు కొట్టి చూస్తాడండి. లోపల మంచి కొబ్బరుంటే తన చెవే తప్పిందని ఒప్పేసుకుంటాడు. మీరు కాదన్నోళ్ళు తర్వాత ఏమయ్యేరో ఎప్పుడైనా చూసేరాండి?"

దానియేలు గారికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి. నేను పేపరు చాటున నవ్వు దాచుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడిచారు.

"నీ జవాబు మాత్రం తప్పే," అన్నారు చివరికి.

"ఆయ్."

"సోమవారం క్లాసుకి రా. ఈ ఏడాది నేను కాదన్నోళ్ళు ఇంకా నలుగురున్నారు. వాళ్ళనీ తీసుకురా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ దాదాపు పరిగెత్తింది. నాకు నిజంగా సంతోషం వేసింది. పదహారేళ్ళలో ఆయన మాట మార్చుకోవడం చూడలేదు మరి. ఆ మాటే అందామని తిరిగితే ఆయన డైరీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"శారోన్ ఇంటిపేరు గుర్తుందాండి మీకు? ఆరేళ్ళ కిందట రాజోలు నుంచి వచ్చింది. నేను కాదన్నాక గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. ఇప్పుడు ఏం చేస్తుందో కనుక్కుందామని."

నాకు గుర్తులేదు. "డైరీలో చూడండి," అన్నాను.

"చేర్చుకున్నోళ్ళ పేర్లే కదండీ రాసుకున్నాను," అన్నారు.