బుడగమామ అసలు సంతకం

ఆ మేడమీది ఆఫీసులో అందరికీ ఎర్ర ముక్కులున్నాయి, ఒక్క పద్దులక్కకు తప్ప. జోకరు వేషాల్లో ఆసుపత్రి పిల్లల్ని నవ్వించే సేవాసంస్థ అది, కంపెనీగా నమోదయింది. సిమెంటు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి లెక్కలు రాసి వచ్చిన పద్దులక్కకు మొదట్లో అక్కడి గాలికే తల తిరిగేది.

"మన కొంపకి ఇద్దరత్తలండీ," అనేది కొత్త డైరెక్టర్లతో. "కంపెనీల ఆఫీసుకి ఆస్తిఅప్పుల పట్టిక చాలు. సేవాసంస్థల ఆఫీసుకి అదీ కావాలి, ఏడాదంతా ఎవరికేం మేలు చేశామో ఆ కథా కావాలి. బెలూన్లకని ఇచ్చిన విరాళం బెలూన్లకే అయిందని విడిగా చూపించాలి."

ఈ ఏడు అన్నీ చూపించింది. దాఖలుకు ఆఖరి రోజు మధ్యాహ్నం ఆడిటరు ఫోను చేశాడు.

"అమ్మా, ఈ బుడగమామ ఎవరు?"

"మా చైర్మన్‌గారండీ."

"నివేదిక కింద ఆ పేరుతో సంతకముంది. పక్కనో బెలూన్ బొమ్మ కూడా! డైరెక్టర్లలో బుడగమామ ఎవరూ లేరే?"

అందరూ ఆయన్ని పిలిచే పేరే అది. ఆమె కంటికి తప్పుగా తోచనేలేదు. సాయంత్రంలోగా అసలు సంతకం పడకపోతే సంస్థ గుర్తింపు ఆగిపోతుంది. గుర్తింపు లేనివాళ్లను ఆసుపత్రి వార్డులోకి రానివ్వదు. పద్దులక్క కాగితాలు గుండెకు హత్తుకుని పరుగెత్తింది. వీధి ఆమె కాళ్లకింద బంతిలా ఎగిరింది.

వార్డులో బుడగమామ మంచాల మధ్య లేని తాడు మీద నడుస్తున్నాడు. ముక్కు పెట్టుకున్నాక పిల్లల ముందు నోరు విప్పకూడదని వాళ్ల నియమం.

"సార్, సంతకం!" అంది గుసగుసగా.

ఆయన ఆ మాటను గాలిలో పట్టుకుని, దుమ్ము దులిపి, జేబులో వేసుకున్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు.

"అలా కాదత్తా," అంది కాలికి కట్టున్న పిల్ల. "మామకి మాటలు రావు. ఆడి చూపించు!"

నర్సు చేతులు కట్టుకుని వేడుక చూస్తోంది. ఇక తప్పలేదు. పద్దులక్క గాలిలోంచి కర్రంత కలం తీసింది, సిరాలో ముంచింది, తన పొట్టమీదే సంతకం చేసుకుని చక్కిలిగిలికి మెలికలు తిరిగింది. ఆపైన పక్కనే ఓ బెలూన్ గీసి, రెండు చెంపలూ వాయించుకుంది.

బుడగమామ నాలుక కరుచుకున్నాడు. ఆమెను వంగమని సైగ చేసి, వీపుమీద కాగితం పరిచి, నిజం కలంతో నిజం పేరు రాయసాగాడు. తాతముత్తాతలంతా కలిసి పెట్టినట్టు చాంతాడంత పేరు.

"అయ్యబాబోయ్, ఇంటిపేరు ఒక్కక్షరం చాలండీ!" అని ఆమె నవ్వుతో వణికింది. వీపు వణికినప్పుడల్లా సంతకం అలలా లేచింది.

ఫోనుతో ఫొటో తీసి పంపగానే ఆడిటరు అన్నాడు: "పేరు సరే, ఈ వంకర్లేంటమ్మా?"

"నా వీపువండీ."

ఆయన కూడా నవ్వేశాడు. "దాఖలు చేసేశాను. రెండు చోట్లా అందింది."

ఆమె బుడగమామకు బొటనవేలు ఎత్తి చూపింది. ఆయన ఆ వేలిని పట్టుకుని బుగ్గలు పొంగించి ఊదాడు. ఆమె చెయ్యి లేచింది, భుజం లేచింది, మడమలు లేచాయి. పద్దులక్క మునివేళ్ల మీద, తేలికగా, మంచాల మీదుగా వీచే నవ్వుల్లో కిటికీదాకా తేలిపోయింది.