ఒంటెకు లేని ఎముక

మొన్న దోహాలో, అల్ మన్సూరాలోని క్లినిక్‌లో, పైకి లేవనని మొండికేసిన నా భుజానికి ఎక్స్‌రే తీసి డాక్టరమ్మ ఏదో అరుగుదల గురించి చెబుతోంది గానీ నా చెవికెక్కలేదు. మెడ కింద అడ్డంగా, సన్నగా మెరుస్తున్న జత్రుక ఎముకను చూడగానే నా మనసు ఈ ఊళ్లోనే నేను పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలోకి వెళ్లిపోయింది.

అప్పుడు మేము మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. నేను బళ్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, మావారు ఒక కట్టడాల కంపెనీలో స్టోర్సు చూసేవారు. వెన్నెముక ఉన్న ప్రాణుల భుజాల పాఠం వచ్చేసరికి, చూపించడానికి మా ల్యాబులో ఒక్క ఎముకైనా లేదని నేను దిగులుపడితే, గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి గనక ఆయన ముందుగా చేపనే తెచ్చారు. చేపకు మెడ ఉండదనీ, దాని భుజపు ఎముకలు తల వెనకే అతుక్కుని ఉంటాయనీ నేను చెబుతుంటే, పక్కన కూర్చుని ముళ్లు ఏరుతూ పసిపిల్లాడిలా విన్నారు. తరవాత కోడిలో రెండు జత్రుకలూ కలిసిపోయి పంగలకర్రలా మారిన ఎముకనూ, భుజం వెనక పలకలా ఉండే మేక జబ్బ రెక్కనూ ఉడికించి, గీకి, ఎండబెట్టాం.

ఈ సంగతి విని, మావారి కంపెనీలోనే బస్తాలు మోసే నిజామాబాదు వైపు తమ్ముడొకడు ఒక శుక్రవారం మా గుమ్మంలో నిలబడ్డాడు. సైటు అవతల ఇసుకలో దొరికిందట, చాటంత ఒంటె జబ్బ రెక్క, కుడి చంకలో పెట్టుకొచ్చాడు. ఒంటెకు జత్రుక ఉండదనీ, దాని ముందరి కాళ్లను ఒంటికి పట్టి ఉంచేవి కండలేననీ, మన చేతిని మాత్రం ఈ సన్నటి ఎముకే ఛాతీ ఎముకకు కలుపుతుందనీ సంబరంగా చెప్పి, నీ ఎడమవైపు తడిమి చూసుకో అన్నాను. అతను ఆ భుజాన్ని వెనక్కి లాక్కున్నాడు. మావారు చొక్కా మెడ పక్కకు తీస్తే అక్కడ కోడిగుడ్డంత వాపు. మూడు రోజుల కిందట సిమెంటు బస్తాతో మెట్ల మీద పడి, అప్పటినుంచీ రెండో భుజం మీదే మోస్తున్నాడట.

"కంపెనీల చెప్పకుండ్రి వదినా, ఇంటికి పంపిస్తరు. నా బిడ్డ ఇంకా బడికి పోతాంది," అని ఏడ్చాడు.

"ముందు ఆసుపత్రికి పద. కంపెనీతో నేను మాట్లాడతాను," అన్నారు మావారు.

ఎవరి ముందూ నోరు విప్పని ఆ మనిషి మేనేజరు గది బయట రెండు పూటలు నిలబడి, ఎముక అతికేదాకా ఆ తమ్ముణ్ణి తన స్టోర్సులోనే కూర్చోబెట్టి చీటీలు రాయించుకునేలా ఒప్పించుకొచ్చారు. అన్నం మా ఇంటినుంచే వెళ్లేది. చివరికి అతను రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తి చూపిన రోజున మావారు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. ఏళ్ల తరవాత, ఆయన పోయిన కబురు ఊళ్లో విని, "అన్న పోయిండా వదినా," అని ఫోనులో అతను ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు అల్ ఘర్రాఫాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈనాటి బళ్లలో అచ్చు ఎముకల్లాంటి బొమ్మలున్నాయి, మంచిదే. చెప్పకుండా ఇంటికొచ్చే మనుషులే లేరు. అయినా మన తరం వాళ్ల చేయి ఊరుకుంటుందా, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ఆరాధన నుంచి రాగానే ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువే పోస్తాను. సాయంత్రానికి ఆ అన్నం గిన్నెలో అలాగే ఉంటుంది.