ఎరుపూ పచ్చా తెలియని మేనమామ పోలిక

పోయిన బుధవారం పొద్దున్న నేను వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటూ ఉండగా కొత్తపేటనుంచి మా అమ్మాయి ఫోను చేసింది. వాళ్ళ పిల్లవాడి బడిలో కళ్ళ పరీక్ష చేశారట, పిల్లలందరికీ తలా ఒక కాగితం ఇచ్చి పంపారట, మా మనవడి కాగితం మీద మాత్రం చూపు బాగానే ఉంది గాని ఎరుపు, ఆకుపచ్చ రంగులు విడివిడిగా తెలియడం లేదు అని రాసి ఉందట. ఈమాట చెప్పడానికి దానికి చాలాసేపు పట్టింది. చివరికి, వాడు కడుపులో ఉన్నప్పుడు నేనేం తినకూడనిది తిన్నానండీ నాన్నగారూ అని అడిగింది. వచ్చి చెబుతాను, నువ్వు ఊరుకో అన్నాను. ఫోను పెట్టేసి చూస్తే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. మా తమ్ముడి పోలికేనండీ అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజునుంచి ఇప్పటిదాకా ఏటికొక డైరీ చొప్పున రాస్తూనే ఉన్నాను. పెద్ద సంగతులేమీ ఉండవు. వాన పడిందా, బడికి ఎవరు రాలేదు, ఏ పాఠం ఎంతవరకు అయింది, ఇటువంటివే. వాటిని వరసగా పేర్చి, పురుగు పట్టకుండా వేపాకు వేసి ఉంచడం చూసి మా పిల్లలు నవ్వుతారు. ఆ మధ్యాహ్నం నేను తీసింది నాలుగో ఏటి డైరీ. అప్పుడు నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పేవాణ్ణి. మావగారు అప్పటికే పోయారు. అందుకని మా అత్తగారూ, మా బావమరిదీ మా ఇంట్లోనే ఉండేవారు. నా వయసు వారికి చెప్పనక్కర్లేదు గాని, ఆ రోజుల్లో అత్తగారు అల్లుడి ఎదటికి వచ్చేవారు కారు. మా అత్తగారు నాతో మాట్లాడవలసి వస్తే తలుపు వారనుంచి, మా ఆవిడ పేరు పెట్టి, ఎవరికో చెబుతున్నట్టు చెప్పేవారు. ఒకే ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నాం. ఆవిడ ముఖం నాకు నిండుగా తెలిసింది ఆవిడ పోయిన తరవాత గోడకు తగిలించిన ఫొటోలోనే అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మా బావమరిది నా దగ్గరే చదువుకున్నాడు. లెక్కల్లో మంచి చురుకు. కాని నా క్లాసులో మందారపువ్వు బొమ్మ వేసి ఆకులకి మట్టిరంగు వేసుకొచ్చేవాడు. మిరపమళ్ళోకి పంపితే పండినవాటితోపాటు పచ్చివీ కోసుకొచ్చి వాళ్ళమ్మచేత తిట్లు తినేవాడు. నేను దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాను. ఒకసారి చేతివేళ్ళ మీద బెత్తంతో కొట్టాను కూడా. ఆ వారమే పదో తరగతికి పోలికల పాఠం మొదలుపెట్టాను, తల్లిదండ్రుల లక్షణాలు బిడ్డలకి ఎలా వస్తాయో బోర్డు మీద రంగుసుద్దలతో గీసి చూపించాను అని అదే డైరీలో అదే పేజీలో ఉంది. పాఠం బోర్డు మీద ఉండేది, బావమరిది ఇంట్లో ఉండేవాడు. రెండూ నాకు ఒకచోట కలవలేదు.

చదువు ముగిశాక వాడికి రైల్వేలో ఇంజను మీద అసిస్టెంటు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. రాతపరీక్ష బ్రహ్మాండంగా రాశాడు. కోనసీమలో రైలు చూడాలంటే గోదావరి దాటి వెళ్ళవలసిన రోజులవి. మా వీధంతా వాడు అప్పుడే ఇంజను ఎక్కేసినట్టు మాట్లాడుకుంది. తీరా కళ్ళ పరీక్షలో, రంగురంగుల చుక్కల మధ్య దాగి ఉన్న అంకెలు చదవమంటే చదవలేకపోయాడు. ఇంకొకసారి పరీక్షకు అర్జీ పెట్టుకోవచ్చని ఎవరో చెప్పేరు. పెట్టుకున్నాం. మూడు నెలలు గడువు దొరికింది.

ఆ మూడు నెలలూ మా ఇంట్లో రెండు వైద్యాలు జరిగాయి. మా అత్తగారిది పొన్నగంటికూర. కాలవగట్టున దొరికేదంతా కోయించి తెప్పించి పప్పులో, పులుసులో, ఉత్త వేపుడుగా పెట్టారు. కళ్ళకి మంచిదని పెద్దలు చెప్పిన మాట. రెండో వైద్యం నాది. అమలాపురంలో నాకు తెలిసిన కంటి డాక్టరుగారు ఉండేవారు. ఆయన దగ్గర ఆ రంగుచుక్కల పుస్తకం ఒకటి బతిమాలి తెచ్చి, రోజూ బడి అయ్యాక బావమరిదిని కూర్చోబెట్టి అంకెలు బట్టీ పట్టించడం మొదలుపెట్టాను. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు, అలా వరసగా. ఎక్కాలు అలాగే నేర్చుకున్నాం, పద్యాలు అలాగే నేర్చుకున్నాం, రంగులు మాత్రం ఎందుకు రావు అనుకున్నాను. రెండో రోజునో మూడో రోజునో వాడు పుస్తకం మూసేసి నావైపు చూసి,

"బావగారూ, నాకక్కడ అంకె కనపట్టం లేదండీ. చుక్కలే కనపడుతున్నాయి," అన్నాడు.

"కనపడక్కర్లేదురా. గుర్తుంటే చాలు," అన్నాను.

ఈ మాట నేను డైరీలో రాసుకోలేదు. అయినా యాభై ఏళ్ళుగా నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎర్రదీపం చూసి ఇంజను ఆపవలసిన ఉద్యోగం అది, వెనక పెట్టెల్లో పిల్లాపాపలతో జనం ఉంటారు అన్న ఆలోచన పాఠం చెప్పే మనిషికి తట్టలేదు. ఆ రోజు డైరీలో ఉన్నది, 'అంకెలన్నీ తప్పులేకుండా అప్పజెప్పినాడు' అని.

పరీక్షరోజున అక్కడి డాక్టరుగారు పుస్తకాన్ని వెనకనుంచి తెరిచారు. మావాడు ముందునుంచి అప్పజెప్పేడు. వెనక పేజీల్లో కొన్నిటిమీద అసలు అంకెలే ఉండవు, వంకర గీతలుంటాయి. అటువంటి పేజీకి మావాడు డెబ్బై నాలుగు అన్నాడట. డాక్టరుగారు కోప్పడలేదుట. పుస్తకం మూసి, నీకు పాఠం చెప్పినవాళ్ళెవరయ్యా అని అడిగేరుట. మావాడు నా పేరు చెప్పలేదు. ఇంటికొచ్చి ఈ సంగతంతా నవ్వుతూనే చెప్పాడు గాని, ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు.

వాడి ఉద్యోగం పోవడంతో ఆగితే బాగుండేది. మా ఆవిడకి ఒక మేనత్తగారు ఉండేవారు, అంటే మా అత్తగారికి ఆడబిడ్డ. మాట కాస్త కారం. పరామర్శకని వచ్చి నాలుగు రోజులున్నారు. అప్పుడు ఆవిడ పాత సంగతి ఒకటి తవ్వి తీశారు. మా బావమరిది కడుపులో ఉండగా ఒక గ్రహణం పట్టిందిట, పెరట్లో కొబ్బరికురిడీలు చాపల మీద ఎండబోసి ఉన్నాయిట, ఉన్నట్టుండి మబ్బు పట్టేసరికి మా అత్తగారు ఆగలేక బయటికి పరిగెత్తి చాపలు లోపలికి లాగేరుట. కురిడీలు తడవలేదు గాని కొడుకు కళ్ళు పోగొట్టింది అని ఆ మేనత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పేరు. మా అత్తగారు ఆ మాట ముందునుంచీ తన మనసులోనే ఉన్నట్టు తలవంచుకున్నారని మా ఆవిడ చెప్పింది.

ఆవిడ ఇంకా మా ఇంట్లో ఉండగానే ఒక ఆదివారం మా ఆవిడ మేనమామగారు వచ్చారు. ఆయన వశిష్ఠ గోదావరి మీద లాంచీ నడిపేవారు. అప్పటికి వంతెనలు లేవు, అవతల గట్టుకి పోవాలంటే లాంచీయే. నీళ్ళు తగ్గినప్పుడు ఇసుకమేటలున్నచోట గెడలు పాతి ఎర్రగుడ్డ, దారి ఉన్నచోట పచ్చగుడ్డ కట్టేవారు. ఆయన మాత్రం ఎర్రగుడ్డ గెడలన్నిటికీ కొబ్బరిమట్ట కూడా ఒకటి అడ్డంగా కట్టిస్తేగాని లాంచీ తీసేవారు కారు. ఎంత జాగ్రత్త మనిషో అని రేవులో అందరూ మెచ్చుకునేవారు. ఆ ఆదివారం ఆయన నన్ను పక్కకి పిలిచి, వీధరుగు చివర కూర్చోబెట్టి, తువ్వాలు మడతపెట్టుకుంటూ,

"మేష్టారూ, కుర్రోణ్ణి ఏవనకండి. నాకూ అంతేనండి. పుట్టిందగ్గర్నుంచీ అంతే," అన్నారు.

కొబ్బరిమట్ట ఎందుకో నాకప్పుడు అర్థమయింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదన్నారు. తెలిస్తే లాంచీ ఎవరెక్కుతారండీ అన్నారు. నన్నూ ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. తన కళ్ళ సంగతి అక్కగారితో ముందే చెప్పి ఉంటే మేనల్లుడికి ఆ పరీక్షల పరాభవం తప్పేది కదా అని ఆయన బాధపడ్డారు.

ఆ సాయంత్రమే నేను డైరీ వెనక పేజీలో గీతలు గీసుకుని చూశాను. మనం ఎవరి పోలికలతో పుట్టాలో చెప్పే రాత అంతా ఒక్కొక్క కణంలో చిన్నచిన్న పోగులుగా చుట్టుకుని ఉంటుంది, ఆ పోగులనే క్రోమోజోములంటాం. తల్లినుంచి సగం, తండ్రినుంచి సగం వస్తాయి. వాటిలో ఎక్స్ అనే పోగు మీద ఎరుపు, ఆకుపచ్చ పోల్చుకునే రాత ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు, అంటే ఒకే ఉత్తరానికి రెండు ప్రతులు ఉన్నట్టు. ఒకదాని మీద సిరా ఒలికి అలుక్కుపోయినా రెండోది చదువుకుని పని జరిపించుకుంటారు, లోపం ఉన్నట్టే తెలియదు. మగవాడికి ఒకటే ఎక్స్, అదీ తల్లి ఇచ్చిందే. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై అనే వేరే పోగు. తల్లి ఇచ్చిన ప్రతి అలుక్కుపోయినదైతే చదవడానికి వాడికి మరోటి లేదు. రెండింటిలో ఏది వస్తుందన్నది బొమ్మాబొరుసే. మా అత్తగారి తల్లి దగ్గరున్న అలుక్కుపోయిన ప్రతి ఇటు కొడుక్కి వెళ్ళింది, అటు కూతురైన మా అత్తగారికీ వెళ్ళింది, ఆవిడనుంచి మా బావమరిదికి వచ్చింది. పిల్లవాడికి మేనమామ పోలిక వచ్చిందని మనవాళ్ళు ఊరికే అనరు. నేను బోర్డు మీద వేసే బొమ్మ అచ్చంగా ఇదే. గ్రహణం దీన్లో ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున్న నేను బడికి బయలుదేరుతుంటే తలుపు వారనుంచి మా అత్తగారి గొంతు వినబడింది. ఈసారి మా ఆవిడ పేరు పెట్టలేదు. నేరుగా నన్నే అడిగారు.

"మీరు చదువుకున్నారు బాబూ. నావల్లేనంటారా?"

పెరట్లో ఆ మేనత్తగారు పళ్ళు తోముకుంటున్నారు, చెవులు ఇటే ఉన్నాయి. తల్లినుంచే వచ్చింది అని నేనంటే ఆడిపోసుకోవడానికి ఆవిడకి ఆ ఒక్క ముక్కా చాలు. తల్లినుంచి వచ్చింది గాని తల్లి తప్పు కాదు అని విడమరచి చెప్పాలంటే కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. అత్తగారి ఎదట ఎలా కూర్చుంటాను? మేనమామగారికిచ్చిన మాట కూడా ఉంది. నాకు తెలియదండీ అన్నాను. తలుపు అవతల అడుగుల చప్పుడు లోపలికి వెళ్ళిపోయింది. అంతే.

అప్పటినుంచి గ్రహణం వచ్చిన ప్రతిసారీ మా అత్తగారు ఉపవాసం ఉండి, తడిబట్టలతో కూర్చుని, విడిచాక కొడుకు పేర దానం ఇచ్చేవారు. మేనమామగారు రెండేళ్ళకే లాంచీ మానుకున్నారు, ఆ తరవాత మాట తప్పినా ఆయనకి వచ్చే నష్టం లేదు. మేనత్తగారూ కాలం చేశారు. నాకు అడ్డం ఏమీ మిగల్లేదు. అయినా చెప్పలేదు. ఇవాళ కాకపోతే రేపనుకున్నాను, అడిగితే చెబుదామనుకున్నాను. మా అత్తగారు మళ్ళీ అడగలేదు. బావమరిది ఒక నెల బట్టలకొట్లో పనిచేసి, చీరల రంగులతో కొట్టువాణ్ణి విసిగించి, అది మానేసి కొబ్బరికాయల వ్యాపారంలో పడి బాగానే స్థిరపడ్డాడు. ఇప్పటికీ ఆ డెబ్బై నాలుగు కథ తనే చెప్పి నవ్విస్తాడు. ఆవిడకి మాత్రం అది నవ్వు సంగతి కాలేదు.

శనివారం మేమిద్దరం కొత్తపేట వెళ్ళాం. అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. మా వియ్యపురాలు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, ఏం దాచకుండా చెప్పండన్నయ్యగారూ, మా వైపునుంచా మీ వైపునుంచా అని అడిగారు. మా వైపునుంచేనండీ అన్నాను. కాగితం మీద గీతలు గీసి, రెండు ప్రతుల సంగతీ, లాంచీ మేనమామగారి సంగతీ అన్నీ చెప్పాను. మా ఆవిడ దగ్గరున్న ప్రతి అమ్మాయికి వెళ్ళింది, మా అబ్బాయికి రాలేదు, మనవడికి వచ్చింది. ఇది ఎవరూ తిన్నదాన్ని బట్టీ, చేసినదాన్ని బట్టీ రాదు, మందు లేదు, మందు అవసరమూ అంతగా లేదు, రంగు చూసి పనిచేసే కొన్ని ఉద్యోగాలు తప్ప వాడు అన్నీ చేసుకోవచ్చు అన్నాను. వియ్యపురాలు కాగితం రెండుసార్లు చూశారు.

"ఆయ్. అయితే మా కోడలు చేసిందేం లేదన్నమాట. మరెందుకే ఏడుస్తావు, లే, కాఫీ పెట్టు," అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాం. కాలవ మలుపు తిరిగాక మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"ఇదంతా అప్పుడే మీకు తెలుసాండీ?"

"తెలుసు," అన్నాను.

"మా అమ్మ అడిగిన రోజున కూడా?"

తల ఊపాను. ఆవిడ ముఖం కాలవ వైపు తిప్పుకుంది. ఇల్లు చేరి, దీపం పెట్టి, నాకు చారు వేడిచేసి పెట్టింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది.

నా ఈడువారు ఆ రోజుల మర్యాదల గురించి చెప్పుకుని మురుస్తుంటారు, నేనూ మురిసినవాణ్ణే. ఇప్పుడు వియ్యపురాళ్ళు కుర్చీ లాక్కుని అడుగుతున్నారు, ఆడపిల్లలు తండ్రికి ఫోను చేసి అడుగుతున్నారు, బడిలో పిల్లవాడి చేతికే కాగితం ఇచ్చి పంపుతున్నారు. మంచి మార్పు. మా ఇంట్లో ఆ తలుపుకీ నాకూ మధ్య దూరం రెండడుగులు. అది మర్యాద అని నేనూ అనుకున్నాను, ఆవిడా అనుకున్నారు. రెండడుగులు వేసి, గడప మీద చతికిలబడి, అత్తగారూ ఇలా చూడండి అని ఒక్క కాగితం చూపించి ఉంటే ఆవిడ కొన్ని గ్రహణాలైనా కడుపునిండా తిని, పొడిబట్టలతో పడుకునేవారు.