రెన్‌ఫ్రోల వంశంలో డైనా పిల్లలు

లవీనియా పీక్ రికార్డుల గదిలోకి వచ్చిందంటే ముందు చేతులు కడుక్కునేది. పాత కాగితాలకు జిడ్డు అంటకూడదని ఆమె పట్టుదల. తర్వాత నల్ల చేతిసంచీలోంచి రెండు పెన్సిళ్లు, ఒక భూతద్దం తీసి బల్ల మీద పెట్టుకునేది. మధ్యాహ్నం పందిమాంసం ముక్క పెట్టిన బిస్కెట్ రొట్టె మాత్రం బయట మెట్ల మీద కూర్చుని తినేది, ఎండైనా వానైనా. టాల్బర్ట్ కౌంటీ కోర్టు రికార్డుల ఆఫీసులో డిప్యూటీ గుమాస్తాగా పద్నాలుగేళ్లు ఆమెను చూశాను. నా పేరు ఎడ్నా ప్రూయిట్.

ఆడపిల్లల బడిలో లాటిన్ చెప్పేది ఆమె. ఒక చెవి వినపడకుండా పోయాక ఆ పని మానేసి, ఊళ్లోవాళ్ల వంశాలు వెతికిపెట్టడం మొదలుపెట్టింది. పెళ్లి చేసుకోలేదు. ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదుల్లో ఉండేది. మా వర్జీనియాలో కొత్త మనిషి కనిపిస్తే ఊరూ పేరూ తర్వాత, ముందు మీ అమ్మ ఎవరి పిల్ల అని అడుగుతారు. అలాంటి చోట వంశాలు వెతికే మనిషికి పనికి కొదవ లేదు.

ఆమె తల్లి రెన్‌ఫ్రోల ఆడపడుచు. ఆ కుటుంబం ఇంగ్లండ్ రాజుగారిచ్చిన పట్టాతో నదికి అవతలి ఒడ్డున, కింగ్స్‌మీడ్ కౌంటీలో, దాదాపు మూడు వందల ఏళ్ల కిందట దిగింది. లవీనియా తల్లిది అందులో చితికిపోయిన శాఖ. అయినా ఆ రక్తమంటే ఆమెకు ఎంత గర్వమో! ఇరవై ఒక్క ఏళ్లుగా రెన్‌ఫ్రోల వంశచరిత్ర రాస్తూనే ఉంది. తొమ్మిది వందల పైచిలుకు పేర్లు. అందులో ఒక వరస ఇలా ఉండేది: "జొసైయా రెన్‌ఫ్రో. అవివాహితుడు. నిస్సంతు." ఆధారం, పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాసి ఉంచే రెన్‌ఫ్రోల ఇంటి బైబిల్లోని మాట. కింగ్స్‌మీడ్ కోర్టు అంతర్యుద్ధంలో కాలిపోయింది. అక్కడ చూసుకోడానికి ఇంకే కాగితమూ మిగల్లేదు.

1968లో ఆ వంశపెద్ద హ్యూ రెన్‌ఫ్రో తన పైన్ అడవిని ఒక కాగితపు కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నాడు. కంపెనీ లాయర్లు వంశక్రమం అడిగారు. ఆ భూమి ఒకప్పుడు జొసైయాది. అతనికి పిల్లలు లేక తమ్ముడికి వచ్చింది, తమ్ముడి నుంచి తరాలు దిగి హ్యూకి వచ్చింది. ఆ సంగతి తెలిసిన మనిషి, అంటే లవీనియా, ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ అడవి అంచున గమ్ నెక్ అనే చోట పదకొండు నల్లవాళ్ల ఇళ్లు, ఒక చర్చి, ఒక శ్మశానం ఉన్నాయి. వాళ్లది ఉత్త నోటిమాట హక్కని, మా తాత దయతలచి ఉండనిచ్చాడని హ్యూ అనేవాడు. సంతకం పడితే క్రిస్మస్‌లోపు వాళ్లు ఖాళీ చెయ్యాలి. బదులుగా లవీనియా పుస్తకాన్ని తోలు అట్టతో అచ్చు వేయిస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆమె ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగింది.

సంతకం సోమవారం. అంతకుముందు శుక్రవారం ఆమె మా ఆఫీసుకు వచ్చింది. రెన్‌ఫ్రోల కోసం కాదు, రెన్ అనే ఇంకో కుటుంబం పని మీద. ఆ పేరు ఇంగ్లీషులో డబ్ల్యూతో మొదలవుతుంది. డబ్ల్యూ అక్షరం కింద పట్టిక చూస్తూ ఆగిపోయింది. పూర్వపు గుమాస్తా ఎవరో పేరును చెవికి వినపడినట్టు రాసేశాడు. రెన్‌ఫ్రో కాస్తా "వ్రెంట్‌ఫ్రో" అయి, ఇన్నేళ్లుగా ఆమె వెతికే ఆర్ అక్షరం నుంచి తప్పించుకుంది.

"ఎడ్నా, ఇలా రా. ఇది పైకి చదువు. నా కళ్లని నేను నమ్మలేకపోతున్నా."

పద్నాలుగో నంబరు దస్తావేజుల పుస్తకం. 1839. నేను చదివాను. జొసైయా రెన్‌ఫ్రో అనే నేను, స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ డైనాకూ, నావారేనని నేను ఒప్పుకుంటున్న ఆమె అయిదుగురు పిల్లలకూ, గమ్ నెక్ దగ్గరి తొంభై ఎకరాలు వాళ్లూ వాళ్ల వారసులూ శాశ్వతంగా అనుభవించేటట్టు రాసి ఇస్తున్నాను. కింద పిల్లల పేర్లు. చివరి పేరు టేమర్, చంటిది. జొసైయా చివరి రోజుల్లో మా ఒడ్డునే ఉండేవాడట. అందుకే నకలు ఇక్కడ నమోదు చేయించాడు. అక్కడ కోర్టు కాలినా ఇది బతికింది.

లవీనియా కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"హ్యూకి ఫోన్ చెయ్యాలి," అంది.

"అయ్యో, ఎందుకండీ? సోమవారం దాకా నోరు మెదపకండి!"

"నన్ను నమ్మి పని అప్పజెప్పాడు. వాడి వెనక గోతులు తవ్వను."

నా బల్ల మీది ఫోన్ నుంచే చేసింది. అటు మాట నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసింది.

"వస్తున్నాడట. ఈలోపు పుస్తకం ఎవరికీ చూపించొద్దన్నాడు." నా వైపు తిరిగింది. "ఆ మాట ఎందుకన్నాడు, ఎడ్నా?"

"మీకు తెలియదా?"

ఆమె తల ఎత్తి టైము చూసింది. గోడ గడియారం ఒకటీ నలభై. ఫెర్రీ పడవలో నది దాటి హ్యూ రావడానికి గంటంపావు పడుతుంది.

"నాకు నకలు కావాలి. ముద్ర వేసి, నీ సంతకంతో. నేను అడిగినట్టు టైముతో సహా నీ రిజిస్టర్లో రాయి."

నకళ్లు తీసే యంత్రం చెడిపోయి నెల. టైపు కొట్టాల్సిందే. పెద్ద పుస్తకం, సన్నని రాత, మూడు నిండు పేజీలు. ఒక్క మాట తేడా వచ్చినా కోర్టులో చెల్లదు. ఆమె చదవడం, నేను కొట్టడం. పాత సిరా వెలిసిపోయిన చోట భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చెప్పేది. రెండో పేజీ సగంలో ఉండగా ఫోన్ మోగింది. మా పెద్ద గుమాస్తా పర్నెల్ గూడ్. భోజనానికి ఇంటికెళ్లాడు. హ్యూతో కలిసి వేటకు వెళ్లే మనిషి.

"ఎడ్నా, ఆ పద్నాలుగో పుస్తకం కుట్లు ఊడాయట కదా. తీసి నా గదిలో పెట్టి తాళం వెయ్యి."

"కుట్లు బాగానే ఉన్నాయండీ."

"ఊడాయని చెబుతున్నానా!"

"సరేనండీ," అని పెట్టేశాను. నా మొగుడు పోయి ఆరేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఉద్యోగం తప్ప నాకు ఇంకో దారి లేదు. వేళ్లు మళ్లీ మీటల మీద పెట్టాను.

"ఎవరు?" అంది లవీనియా. వినపడే చెవి అటువైపు లేదు.

"ఎవరూ కాదు. మీరు చదవండి."

మూడో పేజీ చివరి వరసలో ఉండగా మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ముందు హ్యూ, వెనక గూడ్. ఇంకా సరిచూసుకోలేదు, ముద్ర పడలేదు. హ్యూ టోపీ తీసి నవ్వాడు. నెమ్మదైన మనిషి. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు.

"కజిన్ లవీనియా, ఈ ఎండల్లో ఇంత కష్టమెందుకండీ? వందేళ్ల నాటి మురికి తవ్వి ఎవరికి లాభం?"

"మురికి కాదు హ్యూ. దస్తావేజు."

"ముసలాడు ఒంటరిగా ఉండి మతి చెడి రాసిన కాగితం."

"మతి చెడినవాడు సరిహద్దులు ఇంత కచ్చితంగా చెప్పడు. ఓక్ చెట్టు దగ్గర్నుంచి వాగు దాకా గజాలతో సహా చెప్పాడు."

"మీరు పుస్తకంలో ఒక వరస రాశారు కదా. నిస్సంతు అని. అదే మాట మీద సంతకం పెట్టమంటున్నా. కొత్తగా ఏమీ అడగలేదే?"

"అది తప్పు రాశాను."

నవ్వు పోయింది. మర్యాదా పోయింది. "ఇరవై ఏళ్లు మా గుమ్మంలో కూర్చుని మా బైబిల్ చూసుకున్నావు. మా ఇంటి టీ తాగావు. ఆ పుస్తకం అచ్చు కావాలా, వద్దా?"

 లవీనియా దస్తావేజుల పుస్తకం మీద వేలు పెట్టి, "ఎడ్నా, మొదటి వరస నుంచి సరిచూద్దాం. నువ్వు చదువు," అంది.

గూడ్ ముందుకొచ్చాడు. "సరిచూసేదేం లేదు. పుస్తకం బైండింగుకి పోవాలి. ఎడ్నా, ముద్ర ఇలా ఇవ్వు."

ముద్ర నా సొరుగులో ఉంది. తాళంచెవి నా మెళ్లో ఉంది.

"ఒంటిగంటా నలభై అయిదుకి నకలు అడిగారండీ," అన్నాను.  "రిజిస్టర్లో రాశాను. అడిగిన వాళ్లకి ఇవ్వకపోతే జడ్జిగారికి మీరే సమాధానం చెప్పుకోవాలి."

"నీకు ఈ ఉద్యోగం ఇచ్చిందెవరో గుర్తుందా?"

"ఉందండీ."

చదవడం మొదలుపెట్టాను. వాళ్లిద్దరూ నిలబడే విన్నారు. డైనా పేరు వచ్చినప్పుడు హ్యూ కిటికీ వైపు తిరిగాడు. పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక కామా తప్పింది, సరిదిద్దాను. తర్వాత సొరుగు తీసి, ఒక చేతి బలం చాలక రెండు చేతులతో మీదికి వాలి ముద్ర ఒత్తాను. సంతకం పెట్టాను. లవీనియా కాగితం మడిచి గౌను లోపల దోపుకుంది. లాటిన్ పంతులమ్మ అలా చెయ్యగా చూస్తానని నేను కల్లో కూడా అనుకోలేదు.

"మీరు కాకపోతే ఇంకొకడు సంతకం పెడతాడు," అన్నాడు హ్యూ.

"పెట్టమను. ఇది చదివాక పెట్టమను."

దస్తావేజు ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. డైనా పిల్లల వారసులు ఇవాళ బతికున్నారని చూపించాలి. మర్నాడు నా కారులో గమ్ నెక్ వెళ్లాం.  చర్చి పక్క ఇంటి వసారాలో ఒక ముసలావిడ చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ఎనభై రెండేళ్లు. ఆర్లీథా బిగ్స్.

"ఆర్లీథా, నేను..." అని లవీనియా, నల్లవాళ్లని ఉత్త పేరుతో పిలిచే మా తెల్లవాళ్ల అలవాటు కొద్దీ, మొదలుపెట్టింది.

"మిసెస్ బిగ్స్," అంది ముసలావిడ, గింజల మీంచి తల ఎత్తకుండా.

లవీనియా ముఖం ఎర్రబడింది. "మిసెస్ బిగ్స్. మీకో కాగితం చూపించాలి."

నకలు విప్పి నిలబడే మొత్తం చదివింది. ముసలావిడ ఒలవడం ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"అయితే? టేమర్ మా నాయనమ్మ. జడ వేసింది నాకు. ఆవిడ తండ్రెవరో మాకు తెలుసు, తాతెవరో తెలుసు. తెలియనిది మీ వాళ్లకి. మీకు కాగితం కావాలి కదా దేన్నయినా నమ్మడానికి."

"నాకూ తెలియదండీ," అంది లవీనియా మెల్లిగా. "తెలుసుకోలేదు."

"మీరు రెన్‌ఫ్రోల మనవరాలట కదా?"

"అవును. అంటే మనం..."

"అది తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితం లాయరు దగ్గరికి పోవాలి. మా మనవడికి రిచ్‌మండ్‌లో ఒకాయన తెలుసు. కూర్చోండి, ఎంతసేపని నిలబడతారు." లోపలికెళ్లి పిండి డబ్బాలోంచి తమ బైబిల్ తెచ్చింది. మొదటి పుటలో టేమర్ పేరు, ఆమె అన్నదమ్ముల పేర్లు, తరవాతి వాళ్లు, వంకరటింకర రాతలో. అయిదింటికి అయిదు పేర్లూ సరిపోయాయి.

సోమవారం లవీనియా సంతకం పెట్టలేదు. మంగళవారం రిచ్‌మండ్ లాయరు కోర్టులో కాగితం వేశాడు. కంపెనీ వాళ్లు చల్లగా వెనక్కి తగ్గారు. మరుసటి వసంతానికి ఆ తొంభై ఎకరాలు వదిలేసి మిగతా అడవి కొనుక్కున్నారు. గమ్ నెక్‌లో ఒక్క ఇల్లూ కదల్లేదు. నన్ను కుక్కల లైసెన్సుల కౌంటరుకు మార్చారు, అంతకు మించి చెయ్యలేకపోయారు. లవీనియాకు మాత్రం ఆ చలికాలం కష్టంగా గడిచింది. చర్చిలో పక్కన కూర్చునే ఆడవాళ్లు ఇంకో వరసకు జరిగారు. పని ఇచ్చేవాళ్లు సగానికి పైగా రావడం మానేశారు. పుస్తకం ఎవరూ అచ్చు వెయ్యలేదు.

ఆమే టైపు కొట్టింది. "నిస్సంతు" ఉన్న పుట చింపేసి, దాని చోట పదిహేను పుటలు చేర్చింది. డైనా దగ్గర్నుంచి ఆర్లీథా మునిమనవల దాకా. ఆ పుటలు పట్టుకుని ప్రతి నెలా గమ్ నెక్ వెళ్లేది. 1971 మేలో నేనూ వెంట ఉన్నాను. ఆర్లీథా కళ్లజోడు సర్దుకుని తన అన్న పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టింది.

"ఇది తప్పు. వాడు నాకంటే మూడేళ్లు పెద్ద, రెండు కాదు."

"జనాభా లెక్కల్లో రెండేనండీ ఉంది."

"లెక్కలు రాసినవాడు మా ఇంటి గుమ్మం ఎక్కలేదు మిస్ పీక్. దారి మీద నిలబడి మా అమ్మని అరిచి అడిగాడు. కొట్టేయండి."

లవీనియా భూతద్దం తీసి వాళ్ల బైబిల్ రాతను ఇంకోసారి చూసింది. తర్వాత పెన్సిల్‌తో అంకె కొట్టేసి, పక్కన కొత్త అంకె వేసి, ఆ పుట మళ్లీ కొట్టుకొస్తానంది.