మా స్ప్రింక్లర్లు, సూరమ్మగారి మిరపకాయలు

రండర్రా, ఇలా దగ్గరికి రండి. ఆ మెట్ల మీద వద్దు, చాప మీద సర్దుకుని కూర్చోండి. కనకా, నువ్వప్పుడే నవ్వకు. నువ్వు కళ్ళారా చూశావని నాకు తెలుసు. నేను చెప్పేదాకా నోరు మెదపకు.

మొన్నామధ్య ఆదివారం మా వాకిట్లో జరిగినదాన్ని ఊళ్ళో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారట. మాష్టారు ఎండుమిరపకాయలకి నీళ్ళు పెట్టారని ఒకరు. కాదు, సబ్బేసి ఉతికారని ఇంకొకరు! కామవరపుకోట బస్సులో కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "ఏవండీ మాష్టారూ, కాయలు ఆరాయా అండీ?" అని అడిగాడు. బస్సంతా నా వైపు తిరిగింది. ఇక లాభం లేదు, అసలు సంగతి నేనే చెప్పేస్తే నయం అనిపించింది.

మన మెట్ట ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే కదా. శివరాత్రి దాటిందంటే బోర్లలో నీళ్ళు కిందికి జారిపోతాయి. మా దొడ్లో బెండ, వంగ, ఓ చిక్కుడు పందిరి, మీరు అమ్మగారనే మా ఆవిడ పెంచే మల్లెపొదలు ఉన్నాయి. గొట్టంతో తడిపితే సగం నీళ్ళు దారిలోనే ఇంకిపోతున్నాయని, వేరుశనగ చేలల్లో తిరిగే స్ప్రింక్లర్లు చూసి, నిరుడు మా దొడ్లోకీ చిన్నవి పెట్టించాను. బోరు దగ్గర నుంచి గోడ వెంట ఒక ప్లాస్టిక్ పైపు. దానికి అక్కడక్కడా నీళ్ళు చిమ్మే నాజిళ్ళు. పైపు చివర వాకిలి మూల దాకా వచ్చి ఆగుతుంది. దానికొక మూత. వానలు మొదలయ్యాక వాటి జోలికి ఎవరూ పోలేదు. ఎండలు ముదరకముందే అన్నీ ఊడదీసి, శుభ్రం చేసి, ఒకసారి నీళ్ళు వదిలి చూసుకోవాలని ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే లుంగీ ఎగ్గట్టాను.

"ఏవండీ, ఇవాళ వద్దండీ," అంది మా ఆవిడ. "పక్కింటి సూరమ్మ పిన్నిగారు మన వాకిట్లో కాయలు ఎండబోసుకున్నారు."

సూరమ్మగారు మీకు తెలియనివారు కాదు. వాళ్ళ వాకిట్లో పనసచెట్టు నీడ, మాదేమో సిమెంటు వాకిలి. అందుకని ఏటా ఆవిడ మిరపకాయలు మా దగ్గరే ఎండుతాయి. అవి ఆవిడ ఒక్కరికీ కాదు. దెందులూరులో ఇచ్చిన కూతురింటికి ఏడాదికి సరిపడా కారం ఇక్కడి నుంచే వెళ్ళాలి. అక్కడ వియ్యపురాలు డబ్బా మూత తీసి, ముందు రంగు చూస్తుందట, తర్వాత వాసన చూస్తుందట, ఆ తర్వాత సూరమ్మగారి కూతురి ముఖం చూస్తుందట! మర్నాడే మిల్లుకి తీసుకెళ్ళి ఆడించాలని, తొడిమలు తీసిన కాయల్ని పట్టా మీద పల్చగా పరిచి, ఆవిడ కర్రతో కోళ్ళని అదిలిస్తూ కూర్చున్నారు.

"పిన్నిగారూ, నా పని దొడ్లో అండీ. వాకిట్లోకి ఒక్క చుక్క రాదు. నాదీ పూచీ," అన్నాను.

"మీరు చెప్పాక ఇంకేముందండీ," అన్నారావిడ.

నాజిళ్ళు విప్పి చూద్దును కదా, ఒక్కోదాంట్లో ఒక్కో ఇల్లు! మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు హాయిగా కాపరాలు పెట్టేశాయి. పిన్నీసుతో గీకి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, అన్నిటినీ బిగించాను. మరి పైపులో ఉన్న మట్టి సంగతి? అది నాజిళ్ళలోకి వచ్చి మళ్ళీ అడ్డుపడుతుంది. అందుకని పైపు చివరి మూత తీసేసి, కాసేపు నీళ్ళు గట్టిగా వదిలి, ఆ మట్టినంతా బయటికి తోలేయాలి. పద్ధతి అదే. పద్ధతిలో తప్పేమీ లేదు. మూత తీశాను. వాకిలి తడవకూడదు కదా, చివర కింద ఒక బకెట్టు కూడా పెట్టాను. చూడండి, ఎంత ముందుచూపో!

వెళ్ళి మోటారు స్విచ్ వేశాను. చప్పుడు లేదు. కరెంటు పోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కరెంటు లేనప్పుడు మనూళ్ళో అందరం ఏం చేస్తాం? ఎప్పుడొచ్చిందో తెలియాలని ఏదో ఒక స్విచ్ వేసి ఉంచుతాం. మీ ఇళ్ళల్లో లైటు వేసి ఉంచుతారు. మా చెల్లెలు రేడియో వేసి ఉంచుతుంది. నేను మోటారు వేసి ఉంచాను. మోటారు మోగగానే లేచి వచ్చి, బకెట్టు దగ్గర నిలబడి చూసుకోవచ్చు కదా అని!

లోపలికి వెళ్ళాను. ఆదివారం కదా, కోడికూర. తిన్నాను. మడతకుర్చీలో నడుం వాల్చాను. ఉక్కపోత. విసనకర్ర ఊపుకుంటూ ఊపుకుంటూ కన్నంటుకుంది. అంతలో నెత్తిన ఫ్యాను తిరిగింది. అబ్బ, ఎంత హాయిగా ఉందనుకున్నారు! కరెంటొచ్చిందని నాకు తెలిసింది. చాలా సంతోషించాను. ఆ సంతోషంలో ఇంకాస్త గట్టిగా నిద్రపట్టింది.

కలలో వాన. స్కూల్లో ఉన్నట్టు, మీరంతా పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరిగెడుతున్నట్టు. "పరిగెత్తకండర్రా, జారిపడతారు" అంటున్నాను. మీలో ఎవరో సూరమ్మగారి గొంతుతో అరిచారు.

"మాష్టారండీ! మాష్టారండీ! నీళ్ళండీ!"

కలలో పిల్లలకి సూరమ్మగారి గొంతెలా వచ్చిందా అని ఆలోచిస్తూ కళ్ళు తెరిచాను. బయట ఫెళ్ళున ఎండ కాస్తోంది.

వాకిట్లోకి పరిగెత్తాను. బకెట్టు నిండిపోయి, దొర్లిపోయి, గేటు దగ్గర పడి ఉంది. పైపు చివరి నుంచి బురదనీళ్ళు బారుగా వచ్చి పట్టాకి ఒక పక్క కొడుతున్నాయి. ఎర్రటి కాయలు వరసకట్టి గేటు వైపు ప్రయాణమయ్యాయి. పాపం సూరమ్మగారు చీపురు అడ్డంపెట్టి, "ఆగవే, ఆగవే" అని వాటిని బతిమాలుతున్నారు.

ఏదైనా గొట్టంలోంచి నీళ్ళు ఆగకుండా వస్తుంటే మీరేం చేస్తారు? చెయ్యి అడ్డం పెడతారు. నేనూ అదే చేశాను. రెండు అరచేతులూ పైపు మూతికి అదిమి పట్టాను. అంతే! అప్పటిదాకా నేలబారున ఒకే దారిలో పోతున్న నీళ్ళు నా వేళ్ళ సందుల్లోంచి విసనకర్రలా విచ్చుకున్నాయి. అప్పటికి పొడిగా ఉన్న సగం పట్టా మీద సన్నగా, సమంగా, ఎంతో అందంగా జల్లు కురిసింది. నేను స్ప్రింక్లర్లు పెట్టించింది అచ్చం అలాంటి జల్లు కోసమే. ఏ నాజిలూ ఈనాటి వరకూ అంత చక్కగా కొట్టలేదు!

"వదలండీ! చేతులు వదిలేయండీ!" సూరమ్మగారు.

"వదిలితే కొట్టుకుపోతాయండీ!" నేను.

"పట్టుకుంటే తడుస్తున్నాయండీ!"

మా ఆవిడ వెళ్ళి మోటారు ఆపేసింది. తడిసిన కాయల్ని రెండు చేతులా గబగబా పోగుచేసి, ముఖం మీద నీళ్ళు కారుతుంటే అవే చేతులతో కళ్ళు తుడుచుకున్నాను.

నవ్వండి, నవ్వండి. కనకా, ఇప్పుడు నవ్వొచ్చు. కళ్ళు మండి నేను పెట్టిన కేకలు వినే కదూ మీ నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు, మా ఇంట్లో పాము దూరిందని!

కళ్ళు తెరవగలిగేసరికి వీధిలో ఆడవాళ్ళంతా వంగి కాయలు ఏరుతున్నారు. సూరమ్మగారు తడిసిన కాయొకటి చేత్తో పట్టుకుని చూస్తున్నారు. అరిచేస్తే బాగుండేది. ఆవిడ మెల్లగా, "పర్వాలేదండీ మాష్టారూ. చదువుకున్నవారు. ఏదో ఆలోచించే చేసుంటారు," అన్నారు. కళ్ళమంట ఏపాటిదో అప్పుడు తెలిసింది నాకు.

"ఆరబెడితే ఆరిపోతాయి కదండీ?" అన్నాను.

"ఆరతాయండీ. ఎరుపే ఉండదు. తెల్లబడి తాలుకాయలైపోతాయి. మా వియ్యపురాలు మూత తీసి..." అంటూ ఆగిపోయారు. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు. అవి కారం నీళ్ళు కావు.

అంతలో మా ఆవిడ లోపలి నుంచి గోనెసంచి ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. అవి మా ఇంటి కాయలు. అంతకుముందు ఆదివారమే ఎండబెట్టి, కట్టి ఉంచినవి. గలగలమంటున్నాయి.

"పిన్నిగారూ, రేపు ఇవి ఆడించుకోండి. ఆ తడిసినవి మాకుంచేయండి," అంది.

"అయ్యో, వద్దమ్మా, మీకెలా?" అంటూనే సూరమ్మగారు సంచి మూతి గట్టిగా పట్టుకున్నారు.

"మాకేం పర్వాలేదండీ. మా ఇంట్లో ఈ ఏడాది వంక పెట్టేవాళ్ళెవరూ ఉండరు," అని నా వైపు చూసింది మా ఆవిడ.

దెందులూరు నుంచి కబురు కూడా వచ్చింది. కారం ఈసారి మరీ ఎర్రగా ఉందని వియ్యపురాలే స్వయంగా అన్నారట. సూరమ్మగారు ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషమే.

మా డబ్బాలోదేమో తవుడు రంగు. ఎన్ని చెంచాలు వేసినా కూర తెల్లబోయి చూస్తుంది. అన్నం పెట్టిన ప్రతిసారీ మా ఆవిడ ఎంతో మర్యాదగా, "కారం సరిపోయిందాండీ?" అని అడుగుతుంది. "బ్రహ్మాండంగా ఉంది" అంటాను. ఇంకేమనగలను?

సరే, ఈ కథలో మీరు నేర్చుకున్నదేమిటో చెప్పండి చూద్దాం. కరెంటు లేనప్పుడు స్విచ్ వేయకూడదా? అదొకటి. పైపుకి చేతులు అడ్డం పెట్టకూడదా? అదీ నిజమే. ఏమిటి కనకా? మాష్టారి మాట నమ్మి మిరపకాయలు ఎండబోయకూడదా? ఊఁ... మార్కులన్నీ నీకే.

ఇక లేవండి, పొద్దుపోయింది. ఇళ్ళకెళ్ళి శుభ్రంగా అన్నాలు తినండి. సూరమ్మగారింటి మీదుగా వెళ్ళేవాళ్ళెవరు? ఆవిడ ఇవాళ ఆ ఎర్రటి కారంతో గుత్తివంకాయ వండారు, వాసన ఇక్కడి దాకా వస్తోంది. మాష్టారు ఓ గిన్నెడు అడిగారని చెప్పండి. గిన్నె మాత్రం దొడ్డి గుమ్మం వైపు నుంచి తీసుకురండి నాయనా. వాకిట్లోంచి వస్తే అమ్మగారు చూస్తారు.