మూడో చరణం

తిరువూరు పత్తి చేలల్లో నడుం వంచితే చాలు, జోజమ్మ నోట పాట పుడుతుంది. దూది తీసి ఒడిలో వేసుకుంటూ, వరస కుదిరేదాకా గొణుక్కుంటూనే ఉంటుంది. అక్షరం ముక్క రాదు. ఎవరో ఒకరు విని రాసుకుపోతారు. అలా పోయినవాటిలో నాలుగు, చర్చిలో కొత్తగా అచ్చేసిన పాటల పుస్తకంలో పాస్టరుగారి పేరుతో తేలాయి. మొన్న ఆదివారం ఆ నాలుగింటిలో ఒకటైన నూట పన్నెండో పాట అందరూ ముగించి కూర్చున్నా, ఆమె మాత్రం కళ్లు మూసుకుని ఇంకో చరణం ఎత్తుకుంది. పురుగుమందు కొడుతూ చేలోనే పడి ప్రాణం వదిలిన మొగుడి మీద కట్టిన చరణమది. కీబోర్డు వాయించే అమ్మాయి ఆరాధన చెయ్యెత్తి ఆపి, “జోజమ్మగారూ, ఈ పాటకి రెండే చరణాలండి. పుస్తకం చూసి పాడండి,” అంది. జోజమ్మ పక్కామె పుస్తకంలోకి వంగి, ఆ పేజీని కాసేపు చూసింది. “అవునమ్మా, నాదే పొరపాటు,” అని కూర్చుంది.